చిలకకు తాండ్ర పెట్టిన రాకుమారుడు

పిల్లలూ, ఈ కథ నాకు మా మేనత్త చెప్పింది. ఎండాకాలంలో మేడ మీద తాండ్ర చాపలు పరిచి, కాకులు వాలకుండా మా చేతికి కర్రలిచ్చి కాపలా కూర్చోబెట్టేది. మేం లేచి పారిపోతామని తనూ నీడపట్టున కూర్చుని కథ మొదలుపెట్టేది. ఆవిడ గొంతూ, ఎండకి కాగిన మామిడిరసం వాసనా నాకింకా గుర్తే. కథ వరస మాత్రం అక్కడక్కడ ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ వస్తుందేమో. వస్తే మీరే సర్దుకోండి.

మన తాతల తాతలకీ ముందు, పూలగిరి అనే రాజ్యంలో ఒక రాజుండేవాడు. ఆయన పేరు విజయకేతు. రాణి పేరు కనకాంబిక. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణికేతు, రెండోవాడు రత్నకేతు, చిన్నవాడు హేమకేతు.

చిన్నవాడికి తొందర ఎక్కువ. విత్తనం నాటితే మొలిచిందో లేదోనని తవ్వి చూసేవాడు. గుర్రానికి జీను బిగించేలోపే ఎక్కబోయి కిందపడేవాడు. కాగిన పాలు కాగినట్టే తాగి నాలుక కాల్చుకునేవాడు. అందుకని వాళ్ళమ్మ రోజూ సాయంత్రం రెండు గిన్నెలు తెచ్చుకుని, పాలు దీన్లోంచి దాన్లోకి, దాన్లోంచి దీన్లోకి తిరగబోసి చల్లార్చి ఇచ్చేది. దాసీలు ఎంతమంది ఉన్నా ఆ పని తనే చేసేది.

"ఇంతసేపా అమ్మా?" అని విసుక్కునేవాడే గానీ, ఒక్కనాడైనా ఆమె ముఖం వైపు చూసి పాలు తాగలేదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం కోట వాకిట్లోకి ఒక జంగందేవర వచ్చాడు. రాణి చేటలో బియ్యం తెచ్చి జోలెలో పోసింది. అతను ఆశీర్వదిస్తున్నట్టు ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. రాణి వెనక్కి తిరిగి, కోటను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. కొడుకులు ముగ్గురూ ఎదురొచ్చారు.

"ఎవరు నాయనా మీరు? మీ అమ్మ ఎక్కడ?" అంది.

రాజు వైద్యుల్ని పిలిపించాడు, పూజలు చేయించాడు. ఏం లాభం లేకపోయింది. చివరికి ఒక సోది చెప్పే అమ్మ వచ్చి రాణి చెయ్యి పట్టుకుని చూసింది.

"రాజా, వచ్చినవాడు జంగం కాదు, కాలజంఘుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడు. తల్లుల జ్ఞాపకాలు దొంగిలించి, వాటిని తిని ముసలితనం రాకుండా బతుకుతున్నాడు. తినగా మిగిలినవి ఒక చిలక గొంతులో దాస్తాడు. వాడి ప్రాణమూ ఆ చిలకలోనే ఉంది."

"అయితే ఆ చిలక మెడ విరిచేస్తాను," అన్నాడు హేమకేతు, కత్తి మీద చెయ్యి వేసి.

"విరిస్తే మీ అమ్మ జ్ఞాపకాలూ దానితోనే పోతాయి నాయనా. ఆ చిలక తనంత తాను నీ భుజం మీదికి రావాలి. మామిడితోటలో పుట్టిన చిలక అది. ఆ ఉప్పునేల మీద మామిడిచెట్టు మొలవదు. వాడు ముత్యాలు పెట్టినా, ఏలకులు పెట్టినా దాని మనసు మామిడి మీదే ఉంటుంది."

పెద్దవాడు వెంటనే ఓడ నిండా మామిడిపళ్ళు నింపుకుని బయలుదేరాడు. మూడో సముద్రం దాటేసరికి పళ్ళన్నీ కుళ్ళిపోయాయి. ముక్కు మూసుకుని తిరిగొచ్చాడు.

మరుసటి ఎండాకాలం రెండోవాడు ఆలోచించాడు. పండు నిలవ ఉండదు, తాండ్ర ఉంటుంది. పెద్ద పెద్ద చాపల మీద రసం ఒకేసారి చేతిమందాన పోయించాడు. పైన ఎండింది, లోపల ఎండలేదు. ఐదో సముద్రంలో మూట విప్పితే తెల్లగా బూజు. చేపలకి వేస్తే అవి కూడా మూతి తిప్పుకున్నాయి. వాడూ తిరిగొచ్చాడు.

మూడో ఎండాకాలం చిన్నవాడి వంతు వచ్చింది. ఊరి చివర మామిడితోటలో ముత్యాలవ్వ అనే ముసలమ్మ, ఆమె మనవరాలు పారిజాతం తాండ్ర పోసేవాళ్ళు. హేమకేతు గుర్రం దిగకుండానే అడిగాడు.

"అవ్వా, తాండ్ర కావాలి. రేపటికి అందుతుందా?"

పారిజాతం నవ్వింది. "సూర్యుణ్ణి ఒక్కసారి గట్టిగా కాయమని మీ నాన్నగారి చేత ఆజ్ఞ వేయించండి, సాయంత్రానికే ఇస్తాం."

"నోరు మూసుకోవే," అని అవ్వ కసిరింది. "నాయనా, ఆ చిలక కోసమైతే నీ చేతుల్తో నువ్వే పొయ్యాలి. రసం వడగట్టి, చాప మీద పల్చగా ఒక పొర. అది ఆరాక దాని మీద ఇంకో పొర. ఎండాకాలమంతా అంతే."

హేమకేతు పొర పోశాడు. కాసేపటికి వేలితో నొక్కి చూశాడు. గుంట పడింది. అంచు పట్టుకుని లేపి చూశాడు. చిరిగింది. ఆరిందనుకుని రెండో పొర పోస్తే రెండూ కలిసి జావ అయ్యాయి. ఆ చాప తీసి అవతల పారేశాడు. రెండో చాపా అంతే అయింది. మూడో దాన్ని కాలితో తన్నబోతే పారిజాతం అడ్డం వచ్చింది.

"కోపం చాప మీద కాదుగా మీకు. కూర్చోండి. మా తోటలో ఒక పద్ధతుంది. పొర పోసినవాళ్ళు అది ఆరేదాకా, తమకి మేలు చేసిన వాళ్ళని ఒకర్ని తలుచుకోవాలి. చేసింది ఏమిటో పైకి చెప్పాలి. చెప్పిందే మళ్ళీ చెప్పకూడదు."

"దానివల్ల తాండ్ర ఎండుతుందా?"

"తాండ్ర ఎండకి ఎండుతుంది. మీరు వేలు పెట్టకుండా ఉంటారు."

హేమకేతుకు నవ్వొచ్చింది. కూర్చున్నాడు. మొదటి పొరకి విలువిద్య నేర్పిన గురువుని తలుచుకున్నాడు. రెండో పొరకి గుర్రాల్ని చూసే సాహెబుని. మూడో పొరకి ఎవరూ తోచలేదు. చాలాసేపు చాప వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మా అమ్మ పాలు తిరగబోసేది," అన్నాడు చివరికి. "ఆవిడ వేళ్ళు ఎర్రగా కంది ఉండేవి. ఇప్పుడు గుర్తొస్తోంది."

పారిజాతం కాకిని తోలింది.

ఆ రోజు నుంచి ప్రతి పొరా అమ్మదే. జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చుని చందమామలో ఏనుగుని ఎలా చూడాలో చెప్పింది ఒక పొర. గుర్రం మీంచి పడితే తండ్రికి చెప్పకుండా పసుపు రాసింది ఒక పొర. ఉరుము ఉరిమితే తనకీ భయమేనని చెప్పి, తన చెయ్యి పట్టుకోమని అడిగింది ఒక పొర. అడిగింది ఆవిడ భయం కోసం కాదని ఇన్నేళ్ళకి తెలిసింది వాడికి. చూస్తూండగానే తాండ్ర ఎత్తు పెరిగింది. తొలకరి మబ్బు పట్టేసరికి అద్దం ముక్కలా మెరుస్తోంది. అవ్వ దాన్ని తాటాకులో చుట్టి ఇచ్చింది.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. హేమకేతు ఆగి, భుజం ఆనించి దాన్ని తిరగేశాడు.

"మీ అన్నలిద్దరూ ఈ దారినే పోయారు. ఒకాయన నన్ను రాయనుకున్నాడు, ఒకాయన అసలు చూడలేదు," అంది తాబేలు. "ఎక్కు. కానీ నేను నిదానంగా పోతాను, ముందే చెబుతున్నా."

"నిదానంగానే పోదాం తాతా."

ఉప్పు సముద్రం, పాల సముద్రం, పెరుగు సముద్రం, అలా ఏడూ దాటించింది తాబేలు. ఏ సముద్రం తర్వాత ఏదో నన్నడగకండి. దిగేటప్పుడు హేమకేతు దాని మూపు మీద ఇసుక తుడిచి దండం పెట్టాడు.

దీవిలో చెట్టంటూ లేదు. కోటలో కాలజంఘుడు భోంచేసి గుర్రు పెడుతున్నాడు. పక్కనే బంగారు పంజరం. దాని తలుపు తెరిచే ఉంది.

"ఇంకొకడు వచ్చాడు. పట్టుకోవడానికి వల తెచ్చావా, జిగురా?" అంది చిలక.

"రెండూ లేవు. తాండ్ర ఉంది."

చిలక మెడ తిప్పింది. హేమకేతు ఒక ముక్క తుంచి దూరంగా గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి కూర్చున్నాడు. చిలక వచ్చి ముక్కుతో పై పొర ఒలిచి తింది. కళ్ళు మూసుకుంది. రెండో పొర ఒలిచింది. పట్టుకోవాలంటే చెయ్యి చాపితే చాలు. హేమకేతు చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"మా తోటలో ఎండ ఇలాగే ఉండేది," అంది చిలక. మూడో పొర తిని, ఎగిరి వచ్చి వాడి భుజం మీద వాలింది. "పద. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. ఎటు పోవాలో మర్చిపోయాను, అంతే."

ఒడ్డుకి చేరేసరికి కాలజంఘుడు లేచి పరుగెత్తుకొచ్చాడు. చిలక దూరమైనకొద్దీ వాడి జుట్టు నెరుస్తోంది, వీపు వంగుతోంది.

"ఆగు బాబూ, ఆగు," అన్నాడు రొప్పుతూ. "ఆ చిలక గొంతులోంచి ఒక్కొక్క జ్ఞాపకమే బయటికొస్తుంది. రోజుకొకటి చెబితే మీ అమ్మ కుదుటపడేసరికి ఏళ్ళు పడుతుంది. దాన్ని నాకిచ్చెయ్. ఈ క్షణంలో మీ అమ్మకి అంతా గుర్తొచ్చేట్టు చేస్తాను."

చిలక హేమకేతు చెవి దగ్గర, "నా గొంతులో ఉన్నవాటి మట్టుకు అబద్ధం కాదు. చెయ్యగలడు. తర్వాత మళ్ళీ దొంగిలించనూ గలడు," అంది.

ఒకప్పటి హేమకేతు అయితే చిలకని ఇచ్చేసేవాడే. "ఏళ్ళు పడితే పడనీ," అని తాబేలు మీద ఎక్కి కూర్చున్నాడు. తాబేలు నీళ్ళలోకి దిగింది. మాంత్రికుడు ముడుచుకుపోయి ముడుచుకుపోయి పిడికెడయ్యాడు. ఒక ఎండ్రకాయ వచ్చి వాణ్ణి కలుగులోకి లాక్కుపోయింది.

పూలగిరిలో చిలకని రాణి గదిలో కిటికీ మీద కూర్చోబెట్టారు. రోజుకొకటి చెప్పేది. మొదట రాణికి పుట్టిల్లు గుర్తొచ్చింది. తర్వాత పెళ్ళి. ఒకరోజు విజయకేతును చూసి, "జుట్టు నెరిసిందేం?" అంది. ఆయన పసివాడిలా ఏడ్చాడు. ఇంకొంత కాలానికి "మణీ" అంది, ఆ తర్వాత "రత్నం" అంది. హేమకేతు తన వంతు కోసం రోజూ గుమ్మం దగ్గర నిలబడేవాడు.

ఒకనాడు చిలక మాట్లాడలేదు.

"ఇంక లేవు రాకుమారా," అంది మెల్లిగా. "ఆఖరి బిడ్డవి కదా. నీ జ్ఞాపకాలు అన్నిటికన్నా తియ్యగా ఉన్నాయని వాడు ముందు అవే తినేశాడు. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

హేమకేతు ఎవరి మీదా అరవలేదు. నడుచుకుంటూ మామిడితోటకి పోయి పారిజాతం పక్కన కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు.

"ఆవిడ దగ్గర లేవు, నిజమే," అంది పారిజాతం. "మీ దగ్గర ఉన్నాయిగా. ఆ ఎండాకాలమంతా నేను విన్నాను."

ఆ సాయంత్రం హేమకేతు రెండు గిన్నెలు పట్టుకుని తల్లి గదికి వెళ్ళాడు. పాలు తిరగబోసి చల్లార్చి ఆమెకిచ్చాడు. ఆమె మర్యాదగా తీసుకుంది, పరాయివాళ్ళ దగ్గర తీసుకున్నట్టు. పక్కన కూర్చుని ఒక కథ చెప్పాడు. ఒక పిల్లవాడికి జ్వరం వచ్చిందనీ, వాళ్ళమ్మ చందమామలో ఏనుగుని చూపించిందనీ. మర్నాడు ఇంకోటి చెప్పాడు. ఆ మర్నాడు ఇంకోటి. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, మళ్ళీ మామిడి పూసింది. రాణి ఆ కథల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. కాస్త ఆలస్యమైతే గుమ్మం దాకా వచ్చేది.

ఒకరోజు ఉరుముల కథ చెబుతుంటే ఆమె పాలగిన్నె కింద పెట్టింది.

"ఎవరో గానీ ఆ తల్లి ఎంత ఓపికమంతురాలు," అంది.

"అవునమ్మా."

"ఆ పిల్లవాడు ఆవిడతో ఎప్పుడైనా ఆ మాట అన్నాడా?"

"అప్పుడు అనలేదు. ఇప్పుడు రోజూ అంటున్నాడు."

రాణి అతని ముఖంలోకి చూసింది. ఏదీ గుర్తు రాలేదు. అయినా చెయ్యి చాపి అతని జుట్టు వెనక్కి దువ్వింది.

"నాకు జ్ఞాపకం లేదు నాయనా. కానీ నువ్వు చెప్పావుగా, నమ్ముతాను. రేపటి నుంచి కొత్త జ్ఞాపకాలు నేను చేసి ఇస్తాను, నువ్వు గుర్తుపెట్టుకో. ఏదీ, పక్కకి జరుగు, నీకూ పాలు చల్లార్చనీ."

ఆ మాటకి హేమకేతు తలెత్తి, ఆమె ముఖమే చూస్తూ ఆ పాలు తాగాడు.

ఆ ఎండాకాలమే పారిజాతంతో అతని పెళ్ళయింది. తాబేలు తాత వచ్చేదాకా ముహూర్తం ఆపారట. అన్నలిద్దరూ సింహాసనం తమ్ముడికే ఇచ్చి, తాము సరిహద్దులు చూసుకున్నారు. హేమకేతు చాలాకాలం రాజ్యం ఏలాడు. ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళ మాట పూర్తయ్యేదాకా వినే రాజని పేరు తెచ్చుకున్నాడు. రాణి కనకాంబికకి మనవలు పుట్టారు. వాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని కొడుకు చిన్నప్పటి కథలన్నీ తనే చెప్పేది, తను చూసినట్టే. వాళ్ళు చల్లగా ఉన్నారు, మనమూ ఇక్కడ చల్లగా ఉన్నాం.

సుభద్రా, మీ అమ్మా నేనూ ఈ కథ ఒకే చాప దగ్గర కూర్చుని విన్నాం. నువ్వు ఒక్కసారి అడిగి చూడు. మాంత్రికుడు కాలజంఘుడేనా, లేక ఇంకో పేరా? ఆ ముసలమ్మ ముత్యాలవ్వేనా? రాకుమారుల పేర్లలో ఏదో తేడా ఉందని నాకు అనుమానంగా ఉంది. తప్పుంటే దిద్ది పిల్లలకి చదివి వినిపించు తల్లీ.