ఊఁ కొట్టిన చేపలు

అనగనగా ఒక మంచుకొండ, ఆ కొండ మీద ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. పిల్లలూ, ఈ కథకి మీరు ఊఁ కొట్టాలి. కానీ విని కొట్టాలి. ఎందుకో కథే చెబుతుంది.

ఆ వాగులో, నల్లరాయి పక్కన, లోతైన మడుగు ఒకటి ఉండేది. అందులో ట్రౌట్ చేపలు కాపురం ఉండేవి. ట్రౌట్ అంటే చన్నీళ్ళలో బతికే చేప. ఒంటినిండా చుక్కలుంటాయి. వాటిలో అందరికన్నా పెద్దది చుక్కలవ్వ. అందరికన్నా తొందర ఎక్కువ ఉన్నది అవ్వ మనవరాలు మినుకు. రాయి కింద ఉండేవాడు బండమామ. అతను కదలగా ఎవరూ చూడలేదు. అయినా తిండి వేళకి అందరికన్నా ముందు ఉండేవాడు.

చలికాలం చివరికొచ్చింది. వెళ్ళొస్తానని లేచి, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి ఇంకో గంట మాట్లాడే చుట్టంలాగా, ఆ చలి వెళ్ళడం లేదు. ఒడ్డు వెంట మంచు పలకలు కట్టి ఉన్నాయి. నీళ్ళు అద్దంలా తేటగా, ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. చేపలన్నీ మడుగు అడుగున ఒకదాని పక్కన ఒకటి పడి ఉండేవి.

వాటికి రోజుకి ఒక్కటే భోజనం. మధ్యాహ్నం ఎండ నల్లరాయి మీద పడితే నీళ్ళు కాస్త వెచ్చబడేవి. అప్పుడు ఆవగింజంత నల్ల ఈగలు నీటి మీదికి తేలేవి. అదీ ఒక్క గంటే. ఆ తర్వాత ఎగువన కరిగిన మంచునీళ్ళు దిగి, మడుగు మళ్ళీ చల్లబడి మసకబారేది. ఆ గంటలో తిన్న చేపకే ఎండాకాలపు మొదట్లో వచ్చే వరదకి ఎదురీదే బలం ఉంటుంది. తినని చేప కొట్టుకుపోతుంది.

ఇబ్బందల్లా, ఆ గంట సంగతి ఒక మనిషికి కూడా తెలుసు. పొడుగాటి రబ్బరు బూట్లేసుకుని సరిగ్గా ఆ వేళకే వచ్చేవాడు. గాలం ముల్లుకి ఈకలు, దారం చుట్టి, అచ్చం ఈగలా చేసి నీటి మీదికి విసిరేవాడు.

అందుకని రోజూ భోజనానికి ముందు చుక్కలవ్వ దొంగ ఈగని పట్టుకునే గుర్తులు మూడు చెప్పేది. మిగతావాళ్ళు ఊఁ కొట్టేవాళ్ళు. అది ఆ మడుగు ఆనవాయితీ.

"ఒకటి. నిజం ఈగ నీళ్ళతోపాటే పోతుంది. అడ్డంగా పోయేది దొంగది."

"ఊఁ."

"రెండు. చలికాలం ఈగ ఆవగింజంతే. బఠాణీ గింజంత ఉంటే దొంగది."

"ఊఁ."

ఒకరోజు మూడోది చెప్పబోయి అవ్వ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మూడోది గుర్తు రావడం లేదు. నిన్నటిదాకా ఉంది. ఇవాళ లేదు. మర్చిపోయాను, మీలో ఎవరికైనా గుర్తుందా అని అడిగితే సరిపోయేది. కానీ అలా అడిగితే అవ్వ పని అయిపోయిందనుకుంటారని భయపడింది.

"మూడు," అంది. "నిజం ఈగ తడిగా ఉంటుంది."

"ఊఁ," అన్నాయి చేపలన్నీ.

ఆరోజు ఆ మనిషి బఠాణీ గింజంత ఎర్ర ఈగని విసిరాడు. రెండో గుర్తుతో అందరూ బతికిపోయారు.

మర్నాడు కూడా అవ్వకి గుర్తు రాలేదు. "మూడు. నిజం ఈగకి కాళ్ళుంటాయి," అంది.

"ఊఁ."

ఆరోజు ఆ మనిషి చిన్న ఈగనే విసిరాడు కానీ, గాలం దారం బిగిసి అది నీటికి అడ్డంగా పోయింది. మొదటి గుర్తుతో బతికిపోయారు.

మూడో రోజు మునుగుపిట్ట వచ్చి రాయి మీద వాలింది. నీళ్ళలో మునిగి పురుగుల్ని ఏరుకునే చిన్న పిట్ట అది. ఒడ్డు కబుర్లు అదే మోసుకొచ్చేది.

"ఎండ వచ్చింది. మనిషి కూడా వచ్చాడు," అంది. "నిన్న సాయంత్రమంతా కూర్చుని ఆవగింజంత కొత్త ఈగని చుట్టాడు. టోపీ కూడా మార్చాడు."

"టోపీతో మనకేం పని?" అన్నాడు బండమామ.

"చెప్పడం నా పని," అంది పిట్ట.

అవ్వ గబగబా రెండు గుర్తులు చెప్పింది. మూడోదాని కోసం చాలాసేపు వెతికింది.

"మూడు. నిజం ఈగ ఎక్కువగా మాట్లాడదు."

"ఊఁ."

ఈగలు తేలాయి. మినుకు పైకి వెళ్ళింది. ఒక ఈగ నీళ్ళతోపాటే వస్తోంది. ఆవగింజంతే ఉంది. మినుకు కాసేపు ఆగి చెవి పెట్టింది. అది ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మినుకు నోట పట్టింది.

ముల్లు పెదవిలో దిగింది. దారం బిగిసింది. మినుకుని ఒడ్డుకేసి ఈడ్చుకుపోతోంది.

అప్పుడు అవ్వ కంటికి అడుగున ఇసుక కనిపించింది. ఇసుక మీద ఆ ఈగ నీడ, ఆ నీడకి తగిలించినట్టు వెంట్రుకంత గీత. గాలం దారం నీడ. మూడో గుర్తు అదే. ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం?

"మినుకూ! ఒడ్డుకి ఎదురు గుంజకే! పక్కకి తిరిగి మంచు పలక కిందికి దూరు!" అని అరిచింది అవ్వ.

మినుకు దూరింది. గాజు పెంకులా పదునైన మంచు అంచుకి దారం ఒరుసుకుని పుటుక్కున తెగింది. ఒడ్డున ఆ మనిషి ఖాళీ దారాన్ని చూసుకున్నాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మినుకు పెదవికి దొంగ ఈగ వేలాడుతూనే ఉంది. అలాగే మడుగు అడుక్కి వచ్చింది.

"మూడూ చూశాను అవ్వా. అది ఏమీ మాట్లాడలేదు," అంది.

అవ్వ తల దించుకుంది. "ఆ మాట నేను కల్పించానమ్మా. తడి, కాళ్ళు కూడా నేను కల్పించినవే. అసలుది మర్చిపోయాను. చెబితే చులకనవుతానని చెప్పలేదు."

"అసలుదంటే నీడకి గీత ఉంటుందనేదేగా?" అన్నాడు బండమామ.

అవ్వ చివ్వున తల ఎత్తింది. "నీకు తెలుసా?"

"తెలియకేం? చిన్నప్పటి నుంచీ వింటున్నా."

"మరి ఈగ మాట్లాడదంటే ఊఁ కొట్టావేమిరా?"

"పెద్దదానివి, మార్చావేమో అనుకున్నాను," అన్నాడు బండమామ. మళ్ళీ తనే, "నిజం చెప్పాలంటే వినలేదు," అన్నాడు.

మునుగుపిట్ట ముక్కుతో లాగితే ముల్లు ఊడింది. పెదవికి చిన్న చిల్లు మిగిలింది.

మర్నాటి నుంచి ఆ మడుగు ఆనవాయితీ మారింది. గుర్తులు ఒక్కో చేప ఒక్కోటి చెప్పాలి. ఎవరికి ఏది గుర్తు లేకపోయినా అక్కడికక్కడే అడగాలి. ఆరోజు మొదటిది చెప్పబోయి బండమామే తడబడ్డాడు. అడిగాడు. నలుగురూ చెప్పారు. మూడోది మాత్రం ఎప్పుడూ మినుకుదే.

"నీడకి గీత ఉంటే దొంగది," అంది చిల్లు పెదవితో.

"ఊఁ," అంది చుక్కలవ్వ. విని అంది.

నీతి: మర్చిపోవడం తప్పు కాదు, మర్చిపోయామని దాచడం తప్పు, వినకుండా ఊఁ కొట్టేవాళ్ళకీ ఆ తప్పులో వాటా ఉంది.