రేవు చావడిలో చెప్పుల వరుస

అనగనగా అంటే మరీ అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. పింగళసేన మహారాజు ఏలుతున్న రోజుల్లో ఏటి రేవులో ఒక పాత రాతి చావడి ఉండేది. పడవ కోసం జనం అందులో కాచుకునేవారు.

ఆ రేవుకు ఒక వాడుక ఉంది. వచ్చినవాళ్లు చెప్పులు విప్పి వరుసలో పెట్టి, తాము పోయి ఓ మూల కూలబడేవారు. పడవ రాగానే చెప్పుల వరుస ప్రకారం ఎక్కేవారు. మనుషులు కబుర్లాడుకుంటుంటే చెప్పులు బుద్ధిగా నిలబడేవి.

ఊరు పెరిగింది, చావడి చాలలేదు. సగం మంది వానలో తడుస్తున్నారు. రాజుగారు చాటింపు వేయించారు.

"పాత చావడికి ఆనుకుని కొత్తది కట్టాలి. పాతదానికి నప్పితే ఆస్థాన శిల్పి పదవి. నప్పకపోతే కట్టినవాళ్లే ఏడాదిపాటు పడవకు తెడ్డు వేయాలి."

అందరికన్నా ఎక్కువ దిగులు పెరుగమ్మే నాంచారమ్మది. ఎండ ముదిరేలోగా అవతలి ఒడ్డు చేరకపోతే పెరుగు పులిసిపోతుంది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు.

మొదట కనకాంగుడనే శిల్పి వచ్చాడు. అద్దంలాంటి నేల పరిచాడు. "ఈ నేల మీద చెప్పులా?" అని అన్నింటినీ బయట గుట్ట పోయించాడు. పడవ వచ్చింది. నేను ముందంటే నేను ముందని జనం జుట్లు పట్టుకున్నారు. కాసేపు చూసి పడవ ఖాళీగా వెళ్లిపోయింది. పెరుగు పులిసింది. కనకాంగుడు తెడ్డు పట్టాడు.

తరవాత భద్రకేతుడు వచ్చాడు. "ఓహో, చెప్పులకు చోటు కావాలన్నమాట" అని గోడ నిండా చెక్క అరలు కొట్టించాడు. అందం కోసం పెద్ద చెప్పులు ముందు, చిన్నవి వెనక సర్దించాడు. ఆలస్యంగా వచ్చిన వస్తాదు అందరికన్నా ముందు పడవెక్కాడు. నాంచారమ్మ రేవులోనే మిగిలిపోయింది.

"నా పాదం చిన్నదైతే నా పెరుగు పులిసిపోవాలా బాబూ?" అందామె. రెండో తెడ్డు భద్రకేతుడిదైంది.

ఆఖరికి మందారిక వచ్చింది. కొలబద్ద తీయలేదు. తన చెప్పులు నాంచారమ్మ చెప్పుల వెనక పెట్టి, పక్కన కూర్చుంది.

"అవ్వా, పడవ వచ్చేదాకా ఇక్కడ ఏం చేస్తావు?"

"చేసేదేముందమ్మా, నడుం వాలుస్తాను. నా బదులు చెప్పులు నిలబడతాయి."

మందారిక లేచి పని మొదలుపెట్టింది. సన్నటి స్తంభాలు, ఎత్తైన కప్పు, ఏటిగాలి ఆడే జాలీలు. పాత చావడిలో చెప్పులు నిలిచే రాతి బాటను మాత్రం తిన్నగా కొత్త చావడి చివరిదాకా పొడిగించింది. బాటకు రెండు వైపులా అరుగులు కట్టింది.

రాజుగారు చూడవచ్చి ముఖం చిట్లించారు. "ఇది పాతదానిలా లేదే."

"చూపుకి లేదు ప్రభూ. కూర్చుని చూడండి" అంది మందారిక.

ఇంతలో మంత్రి రాజుగారి జరీ చెప్పులు తెచ్చి వరుసలో అన్నిటికన్నా ముందు పెట్టాడు. నాంచారమ్మ లేచి వాటిని తీసి తిన్నగా వరుస చివర పెట్టి వచ్చింది.

"ఎవరివో పాపం, దారి తప్పాయి" అంది.

రాజుగారు ఒకసారి తన చెప్పులను చూసి, ఫక్కున నవ్వి అరుగు మీద చతికిలబడ్డారు. పడవ వచ్చింది. కనకాంగుడు, భద్రకేతుడు ఆయాసపడుతూ తెడ్లు వేస్తుంటే, పెరుగు తియ్యగా ఉండగానే అవతలి ఒడ్డు చేరింది. రాజుగారు రెండో పడవలో వెళ్లారు. ఆయన దిగేసరికి పెరుగు అయిపోయింది.

మందారికకు పదవి దక్కింది. నలుగురి కోసం కట్టేవాళ్లు ముందుగా ఆ నలుగురి మధ్యా తమ వంతు కోసం కూర్చోవాలి.