రాజుగారి పేరు మింగిన మద్దిచెట్టు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, చెబితే అక్కడివాళ్ళు కర్ర పుచ్చుకుని వస్తారు, భల్లట మహారాజని ఒక ప్రభువు ఉండేవాడు. మనిషి మంచివాడే. గొప్పల పిచ్చి మాత్రం కొంచెం ఎక్కువ. కొంచెమని ఎందుకనాలి, చాలా ఎక్కువ.

పట్టాభిషేకం నాడు ఆయన తోటలో ఏపుగా ఎదుగుతున్న ఒక లేత మద్దిచెట్టును చూశాడు. తన పేరు చెక్కిన రాగి పలకను గుండె ఎత్తున ఆ మానుకు మేకులతో కొట్టించాడు. ఈ ఆలోచన ఆస్థాన పండితుడు మార్తాండ సోమయాజిది.

"చెట్టు వేళ్ళ దగ్గర పుట్టి పైకి తోసుకొస్తుంది ప్రభూ! జుట్టు కుదుళ్ళ నుంచి వస్తుందే, అలాగ. ఏడాదికేడాది ఏలినవారి పేరు ఆకాశానికెక్కుతుంది" అన్నాడాయన. రాజు ఉబ్బి తబ్బిబ్బయిపోయాడు.

ఆ తర్వాత రాజు యుద్ధాలకు పోయాడు. ఒకటి ముగిస్తే ఇంకొకటి. చాలా ఏళ్ళకు తిరిగొచ్చాడు, పొరుగు రాజును అతిథిగా వెంటబెట్టుకుని. దారి పొడుగునా ఒకటే గొప్పలు. "మా పేరు చదవాలంటే మెడ వెనక్కి వంచాలి. తలపాగా పట్టుకోండి సుమా, జారిపోతుంది!"

తోటలోకి అడుగుపెట్టారు. పొరుగు రాజు పాపం తలపాగా పట్టుకుని పైకి చూశాడు. ఆకులు కనిపించాయి. ఇంకా పైకి చూశాడు. కాకిగూడు కనిపించింది. చివరికి మెడ నొప్పెట్టి కిందికి చూసి, "ఇదా తమరి పేరు?" అని వేలు చూపించాడు.

రాజు దగ్గరికెళ్ళి చూశాడు. పలక కొట్టినచోటే, ఆయన గుండె ఎత్తునే ఉంది! పైగా బెరడు నాలుగు వైపులా పెదవుల్లా ఉబ్బి పలక అంచుల్ని మింగేసింది. మొదటి అక్షరమూ చివరి అక్షరమూ మాను కడుపులోకి పోయాయి. నడిమి అక్షరం ఒక్కటే బిక్కుబిక్కుమంటూ మిగిలింది.

పొరుగు రాజు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ద్రోహం!" అని అరిచాడు సోమయాజి. "పైకెక్కిన పలకను ఎవడో ఊడబీకి కిందికి దించాడు. ఈ తోటలో అస్తమానం తిరిగేది ఎవడు? తోటమాలి పోలయ్య!"

భటులు పోలయ్యను చేతులు కట్టి లాక్కొచ్చారు. "నాకేం తెల్దు మారాజా! నీళ్ళు పోశాను, అంతే. పలక మీద చెయ్యి కూడా ఎయ్యలేదు" అని వాడు మొరపెట్టుకున్నాడు.

"పొద్దుగూకేలోపు వీడి తల తీయించండి" అన్నాడు రాజు. వెనకే పరుగెత్తుకొచ్చిన పోలయ్య భార్య ఘొల్లుమంది. నాకైతే ఇప్పుడు చెబుతుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. నీళ్ళు పోసినవాడికి తల తీయడమేమిటండీ!

అప్పుడు విదూషకుడు దామన్న ముందుకొచ్చాడు. రాజును నవ్వించడం అతని కొలువు. రాజుకు కోపమొస్తే అడ్డుపడడం ఎవరూ చెప్పని కొలువు.

"చిత్తం మహారాజా, బ్రహ్మాండమైన తీర్పు! కాకపోతే ఇదే నేరం చేసినవారు కోటలో ఇంకొకరున్నారు. ఒకరిని శిక్షించి ఇంకొకరిని వదిలేస్తే ధర్మం కాదు కదా?"

"ఎవడు వాడు? వాడి తలా తీయిస్తాను. ఇది నా మాట!"

"వాడు కాదు ప్రభూ. రాజమాత అక్కమాంబగారు."

అమ్మమ్మా! ఆ మాటతో తోటలో ఒక్కరికి ఊపిరాడితే ఒట్టు. మంత్రి చెవులు మూసుకున్నాడు. ఒక భటుడి చేతిలో ఈటె జారి కిందపడింది. రాజు కత్తి సగం ఒర దాటింది.

"ఏం కూశావ్ దామన్నా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"రుజువు చూపిస్తాను ప్రభూ. చూపించలేకపోతే పోలయ్య తల పక్కన నా తలా పెట్టించండి."

దామన్న అందరినీ అంతఃపురం వెనక ఉన్న మామిడిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. రాజమాత రోజూలాగే దాని నీడలో కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటోంది. ఆమె తల మీదుగా ఒక లావుపాటి కొమ్మ అడ్డంగా సాగి ఉంది.

"అమ్మా, ఏలినవారి పసితనపు ఉయ్యాల ఏ కొమ్మకు కట్టారు?"

"ఇదిగో, దీనికే నాయనా. మునివేళ్ళ మీద నిలబడి నా చేత్తో నేనే కట్టాను. అప్పుడిది నా దండచెయ్యంత ఉండేది. ఇప్పుడు చూడు, ఎంత బలిసిందో!"

దామన్న సోమయాజి వైపు తిరిగాడు. "విన్నారుగా! చెట్టు కిందనుంచి తోసుకొచ్చేదే అయితే, అప్పుడు అమ్మగారి చేతికందిన కొమ్మ ఈపాటికి కోటబురుజు దాటాలి. ఇంకా ఇక్కడే ఉందంటే ఎవరో దించారన్నమాటే! ఈ చెట్టు కింద రోజూ ఉండేది అమ్మగారు. మీ శాస్త్రం ప్రకారం నేరం రుజువైనట్టా, కానట్టా? తొందరగా చెప్పండి, తల తీయిస్తానని ప్రభువులు మాట ఇచ్చేశారు."

రాజమాత చేతిలో వత్తి ఆగిపోయింది. "ఏమిట్రా భల్లటా? నా తల తీయిస్తానన్నావా?"

రాజు చప్పున సోమయాజి వైపు తిరిగాడు. సోమయాజి ఇరుకున పడ్డాడు. అవునంటే రాజమాత తల పోతుంది, కాదంటే తన శాస్త్రం పోతుంది. "శాస్త్రమే పోనీండి ప్రభూ" అని చెమట తుడుచుకుంటూ గొణిగాడు.

రాజు చెయ్యెత్తి కొమ్మను తాకాడు. సునాయాసంగా అందింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో, నిష్కారణంగా ఒక ప్రాణం తీసేవాణ్ణే! పోలయ్య కట్లు విప్పండి. మరి చెట్టు పెరిగేదెలాగయ్యా?"

"పైకి పెరిగేది కొనల దగ్గరే ప్రభూ. మాను ఉన్నచోటే ఉండి లావెక్కుతుంది. బెరడు కింద పచ్చిగా, తడిగా ఒక పల్చని పొర ఉంటుంది. ఏటేటా అది లోపలి వైపు కొత్త కలప ఒక వరస వేస్తుంది. పాత కలప దాని లోపల ఉండిపోయి గట్టిపడుతుంది. మానుకు కొట్టినదేదీ పైకెక్కదు. మానే లావెక్కి దాన్ని కలిపేసుకుంటుంది."

"అంటే, కొన్నేళ్ళకు నా పేరు అసలు కనిపించదా?"

"కనిపించదు ప్రభూ. ఇప్పుడు పలకను పెకలిస్తే మాను చీలిపోతుంది."

పొరుగు రాజు ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు. అందరూ హడలిపోయి భల్లట మహారాజు ముఖంలోకి చూశారు. ఆయనా పొట్ట పట్టుకుని విరగబడి నవ్వాడు.

"లోపలే ఉండనీ! బయట ఉన్నన్నాళ్ళూ అమ్మ తలమీదికి తెచ్చింది ఆ పేరు. పోలయ్యకు ఆ తోటలోనే ఇల్లు కట్టించండి. దామన్నా, నీకేం కావాలో కోరుకో!"

"ముందు కూర్చోడానికి ఒక పీట ఇప్పించండి ప్రభూ. రాజమాత పేరెత్తినప్పటి నుంచీ నా కాళ్ళు నా మాట వినడం లేదు."

సేవకులు పరుగెత్తబోతే రాజు వద్దన్నాడు. తన మెడలోని ముత్యాలహారం తీసి దామన్న మెడలో వేసి, కత్తి దూసిన చేత్తోనే పీట తెచ్చి వాల్చాడు.