తుడిచేసిన తత్వాలు

తుడిచేశాక గానీ తాను తుడిచింది ఏమిటో కంబగిరికి తెలియలేదు. ఇప్పుడీ మాట గురువుకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

గురువు హుసేనప్ప తాత, తత్వాలు పాడే మనిషి. ఆయనకు అవన్నీ నేర్పింది లాలెమ్మవ్వ. ఆమెకు అక్షరం ముక్క రాదు. పాడటమే గానీ ఎవరిచేతా రాయించింది లేదు. ఆమె పోయి చాలా కాలమైంది. మిగిలినవల్లా బూజు పట్టిన క్యాసెట్లు.

కంబగిరి కంప్యూటర్లు తెలిసినవాడు. ఏడాది పాటు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కో పాటనూ మళ్ళీ మళ్ళీ వింటూ గరగరలు తీసేశాడు. అన్నిటినీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న చోట పెట్టాడు. తాత మఠంలో ఒక మూల అరచేతంత పెట్టె పెట్టి, అదే సర్వరన్నాడు. ఏ ఊళ్ళో ఉన్న శిష్యుడైనా ఫోను నొక్కితే చాలు, పెట్టె క్లౌడ్‌లోంచి పాట తెచ్చి వినిపించేది. అబ్బో, ఆ రోజుల్లో వాడి నడకే వేరు! "ఇంక అవ్వ పాటకు చావు లేదు తాతా" అన్నాడు. ఆ ధీమాతోనే క్యాసెట్లు కూడా పారేశాడు, మహానుభావుడు.

ఆ ఉదయం చూస్తే పెట్టెలో జాగా చాలడం లేదు. అందులో కనబడే పాటలు ఉత్త నకళ్ళే, అసలువి క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి కదా అనుకుని అన్నీ తుడిచేశాడు. నకళ్ళేమిటి, నా మొహం! పెట్టెలో కనబడేవి క్లౌడ్‌లోని అసలు పాటలే, అలా తగిలించింది తనే. ఇక్కడ తుడిస్తే అక్కడా పోతాయి. పోయాయి.

"తాతా, అవ్వ పాటలు పోయినాయి. నేనే తుడిచేసినా" అంటూ తాత ముందు కూలబడి ఏడ్చేశాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"తిరిగి రావా?"

"రావు తాతా. అన్ని రకాలా చూసినా."

తాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అవ్వ గొంతు మరి వినబడదన్న బాధ ఆయనకు మాత్రం ఉండదా? తర్వాత గోడకున్న తంబూర దించి, శ్రుతి చూసుకుని, పాట ఎత్తుకున్నాడు.

"అద్దెకొచ్చిన కొంపకిన్ని గదులు ఎందుకురా..."

కంబగిరి ముక్కు చీదుకుంటూనే అన్నాడు. "గదులు కాదు తాతా, అరుగులు."

"ఓహో." తాత సరిచేసుకుని ముందుకు పోయాడు.

"అది మూడో చరణం. దానికి ముందు చిలక చరణం ఉంది."

"ఉందా? ఏదీ, అను."

కంబగిరి అన్నాడు. ఆ పాట కాగానే తాత ఇంకొకటి ఎత్తుకున్నాడు.

"అక్కడ అవ్వ కిందికి దిగదు తాతా, ఆ మాట మీదే నిలబడతాది" అని కంబగిరి గొంతు నిలబెట్టి చూపించాడు.

తాత తంబూర వాడి చేతికిచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

పాట వెనక పాట. పొద్దు వాలింది. తన ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో కంబగిరికే తెలియదు.

తాత గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు.

"ఇప్పుడు నాకు నిమ్మళంగా ఉందప్పా" అన్నాడు. "ఇన్నాళ్ళూ అవి ఆ పెట్టెలోనే ఉండాయని భయపడుతుంటి."