హంసల అంచు చీవరం

అనగనగా ఒక ఏరు. ఏటి పక్కన ఒక కొండ. కొండమీద ఒక బౌద్ధారామం. వానలు పడినన్నాళ్ళూ భిక్షువులు ఎక్కడికీ కదలకుండా అక్కడే ఉండేవారు. కింద ఊరివాళ్ళు వంతులు వేసుకుని కొండెక్కి, చేతనైన సేవ చేసి వచ్చేవారు.

ఆ ఊళ్ళో నాగక్క అని ఒక నేతగత్తె ఉండేది. మగ్గం ముందు కూర్చుందంటే ఆమెకు సాటి లేదు. మనసు వెన్న. నోరు మాత్రం కాస్త పెద్దది. ఏ పనైనా తాను అనుకున్నట్టే జరగాలి, అదొక్కటే ఆమెతో తంటా.

ఆ ఏడు నాగక్క కూడా మొదటిసారి సేవకు వెళ్ళింది. మొదట చీపురు ఇచ్చారు. వాకిలంతా అద్దంలా ఊడ్చి, పెద్ద ముగ్గు పెట్టి, దారికి అడ్డంగా నిలబడింది. "ముగ్గు తొక్కకండి స్వామీ, అటు చుట్టు తిరిగి వెళ్ళండి" అంది. పాపం, భిక్షువులు కిమ్మనకుండా బురదలో నడిచారు.

తరవాత వంటింట్లో పెట్టారు. భిక్షువులు మధ్యాహ్నం దాటితే ఏమీ తినరు. నాగక్క తన ఇంట్లో చేసుకున్నట్టే గుప్పెళ్ళకొద్దీ మిరియాలు దంచి పులుసు కాచింది. పెద్ద భిక్షువు సుమన స్థవిరుడికి పళ్ళు లేవు, పైగా కడుపులో మంట. ఆయన కళ్ళు తుడుచుకుని మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు. రుచి తెలిసినవాళ్ళకే వండాలని నాగక్క గొణుక్కుంది.

"వదినా, నువ్వు సేవ చేయడానికి వచ్చావా, చేయించుకోవడానికి వచ్చావా?" అని పక్కింటి చెంచమ్మ ఎగతాళి చేసింది.

నాగక్కకు రోషం వచ్చింది. స్థవిరుడి చీవరం, అంటే ఆయన కప్పుకునే కాషాయ వస్త్రం, చిల్లులు పడిపోయి ఉంది. చలికాలం రాబోతోంది. "ఆయనకు కొత్త గుడ్డ నేను నేస్తాను, చూస్తూ ఉండు" అంది. వానాకాలమంతా కూర్చుని మెత్తగా, ఒత్తుగా నేసింది. అంచు పొడుగునా హంసల్ని దించింది.

వానలు వెళ్ళాక ఊరంతా కొండెక్కింది. కొత్త చీవరం ఆ ఒక్క రోజులోనే, పొద్దు గుంకేలోగా కుట్టి ఇవ్వాలి. దాటితే మళ్ళీ ఏడాదికే. అది ఆ ఆరామం కట్టుబాటు. నాగక్క మురిసిపోతూ గుడ్డ పరిచింది. చెంచమ్మ కత్తెర తీసింది.

"కత్తెర ఎందుకే?"

"ముక్కలు కోసి కుట్టాలి కదా వదినా. భిక్షువులు అతుకుల బట్టే కప్పుకుంటారు. నీకు తెలీదా?"

తెలీదు. నాగక్క గుడ్డ లాక్కుని ఒళ్ళో దాచుకుంది. "చేతులు కాయలు కాచేలా నేశాను, కొయ్యనివ్వను" అని ఒక మూల కూర్చుంది. పొద్దు వాలిపోతోంది. ఆమెను కదిలించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సుమన స్థవిరుడే వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "చాలా బాగుంది తల్లీ. ఇంటికి తీసుకుపో. నాకు ఈ పాతది ఉందిగా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

"అసలు ఎందుకు కొయ్యాలి స్వామీ?"

"కొయ్యకపోతే చూసిన దొంగకు ఆశ పుడుతుంది, కప్పుకున్న నాకు గర్వం పుడుతుంది. ఈ వయసులో రెంటికీ కాపలా కాయలేనమ్మా."

అంతలో ఏటిగాలి వీచింది. చిల్లుల్లోంచి ఆ ముసలి భుజం వణకడం నాగక్క చూసింది. బురదలో నడిచిన పాదాలు, పులుసుకు చెమర్చిన కళ్ళు గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ తాను చూసుకున్నది ముగ్గును, పులుసును, హంసలను. ఈయన్ని ఒక్కసారీ చూడలేదు. ఆమెకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"కత్తెర ఇలా తే చెంచమ్మా" అంది. మొదటి కోత తానే కోసింది, సరిగ్గా హంసల మధ్యనుంచి.

ఇక అందరూ తలో ముక్కా అందుకున్నారు. చెంచమ్మ కుట్లు వంకరటింకరగా పోయాయి. నాగక్క చూసింది, నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. పనస చెక్క ఉడికించిన రంగులో ముంచి, పొయ్యి సెగకు ఆరబెట్టి, పొద్దు గుంకేలోగా స్థవిరుడి భుజాన కప్పారు.

మర్నాడు ఆయన భిక్షకు ఊళ్ళోకి వచ్చాడు. నాగక్క ఆయన పాత్రలో మిరియం తగలని మెత్తటి పప్పన్నం పెట్టింది. పిల్లలు చుట్టూ మూగారు.

"నాగత్తా, నువ్వు నేసిన హంసలేవీ? ఒక్కటీ కనబడటం లేదే?"

"ఏమోనర్రా. ముందు తాతగారికి చలి వేస్తోందేమో అడిగి రండి."

పిల్లలు పరుగెత్తి వెళ్ళి వచ్చారు. "వెచ్చగా ఉందట అత్తా."

నాగక్క ముఖం విప్పారింది.

మన ముచ్చట తీరేలా చేసేది మన కోసం. ఎదుటివారి అక్కర తీరేలా చేసేదే సేవ.