పాత దారి మూసిన రోజు

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు వామనమూర్తి గారికి లేదు. జిల్లా మందుల గిడ్డంగిలో కంప్యూటర్లు పెట్టిన నాటి నుంచి వాటి బాగోగులు ఆయనవే. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మేదిని ఒక ఉదయం అడిగింది.

"పాత ప్రోటోకాల్ తీసేయమంటారా సార్? నిన్న మీరు సెలవులో ఉండగా ఆపి చూశాను. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు."

మందులు కావలసినప్పుడు ఆసుపత్రుల కంప్యూటర్లు గిడ్డంగి కంప్యూటరుతో మాట్లాడే పద్ధతి అది. సందేశాన్ని చిన్న ముక్కలుగా పంపుతుంది. ముక్కముక్కకూ అందిందన్న జవాబు కోసం ఆగుతుంది, రాకపోతే మళ్లీ పంపుతుంది. ఆసుపత్రులన్నీ వేగమైన కొత్త పద్ధతికి మారిపోయాయని మేదిని నమ్మకం.

"దాని మీద అంత విసుగెందుకమ్మా?"

"మా పెద్దత్త ఫోన్లో మాట్లాడినట్టుంటుంది సార్. మాటమాటకీ వింటున్నావా, వింటున్నావా అని."

ఆయన నవ్వారు. "ఒకసారి తెరువు" అన్నారు.

తెరిచింది. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత తెర మీద ఒక వరుస కదిలింది. కొండ మీది ఈతమానుగడ్డ ఆసుపత్రి నుంచి: పాముకాటు మందు పంపండి. దాని కింద మళ్లీ అదే. మళ్లీ అదే. చివర ఎవరో కంగారుగా టైపు చేసిన మాట: ఆఖరి సీసా ఎక్కించేశాం, మనిషి ఇంకా తేరుకోలేదు, వింటున్నారా?

మేదిని ఫోన్ అందుకుంది. కలవలేదు. వానలకు కొండ మీద సెల్ టవర్ పనిచేయడం లేదు. ఆ ఆసుపత్రికి మిగిలింది పాత రేడియో లింకు ఒక్కటే. అంత బలహీనమైన దారిలో కొత్త పద్ధతి నిలబడదు. ఫిర్యాదు చేయాలన్నా వాళ్లకున్నది ఆమె మూసిన దారే.

మందుతో జీపు బయలుదేరింది. మేదిని భోజనానికి లేవలేదు. సాయంత్రం ముక్కలు ముక్కలుగా ఒక సందేశం దిగింది: మందు ఎక్కించాం. కళ్లు తెరిచాడు, మంచినీళ్లు అడిగాడు.

ఆమె తెర మీంచి వామనమూర్తి గారి వైపు తిరిగింది.

"అయితే దీన్ని ఎప్పటికీ తీయకూడదా సార్?"

"ఎందుకు తీయకూడదు? తీసేద్దాం" అన్నారు వామనమూర్తి గారు, సంచీ భుజాన వేసుకుంటూ. "ఆ సంగతి ముందు ఈ దారిలోనే వాళ్లకు చెప్పు. ఏమంటారో విను."