చింతపండుతో తోమిన డొప్పలు

తను చేసిన తూటా డొప్పలన్నీ ఉస్తాద్ ఎత్తి చెత్త డబ్బాలో పోసేసరికి ఈశ్వరాచారికి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? పాతబస్తీలో తుపాకులు బాగుచేసే ఉస్తాద్ ఖాదర్ సాబ్ దగ్గర అతను మొదటిసారి ఒంటిచేత్తో పూర్తిచేసిన పని అది. ఒక జమీందారు దొరగారి తాతల నాటి ఆస్ట్రియా వేట తుపాకికి తూటాలు చెయ్యడం ఎప్పుడో మానేశారు. అందుకని వేరే తుపాకుల్లో పేల్చి పారేసిన, మందూ గుండూ నింపే ఇత్తడి డొప్పలు తెచ్చి, వాటి మూతి దగ్గరి మెడ కాల్చి మెత్తబరిచి, అచ్చులో నొక్కి, దాని కొలతకు దింపాడు. పైగా కంసాలి ఇంట పుట్టినవాడాయె, ఊరుకోబుద్ధి కాలేదు. చింతపండుతో తోమి బంగారంలా మెరిపించాడు. పశువుల్ని ఎత్తుకుపోతున్న చిరుత కోసం దొరగారి వేటగాడు యాదగిరి రేపు వీటితోనే అడవికి పోవాలి.

"కొలత తప్పిందా ఉస్తాద్?"

"లేదు."

"మరి లోపల సుత జూడకుండనే పారేస్తరా? నా చేతిపనికి ఇదేనా మర్యాద?"

"తోమినంక ఇంకేం జూడాలెరా?" ఉస్తాద్‌కూ కోపమొచ్చింది. "పేలిన డొప్ప సాగి పల్చబడితే, బయట అడుగుకాడ సన్నటి గీత తేలుతది. ఇగ తెగుతానని అది మనకు జెప్పుడు. గా గీతను తుడిచేసినవ్ నువ్వు."

"గీతలేం లేకుండె!"

ఉస్తాద్ కొస వంచిన సన్నటి తీగ ఒకటి అతని చేతిలో పెట్టాడు. ఈశ్వరాచారి డబ్బాలోంచి ఒక డొప్ప తీసి లోపల గీకాడు. తీగ నున్నగా జారింది. గెలిచినట్టు ఇంకోటి తీశాడు. అందులో అడుగుకు కాస్త పైన, ఇత్తడి పల్చబడి గాడి పడ్డచోట, తీగ టక్కున తట్టుకుంది.

అయినా తగ్గలేదు. "తెగితే ఏమైతది ఉస్తాద్? జర్రంత గాలి ఎనక్కొస్తది, అంతే గదా! గింత దానికి నా కష్టమంతా మట్టిపాలు జేస్తరా?"

ఉస్తాద్ గోడకున్న ఖాళీ తుపాకి తీసి ఇచ్చాడు. "భుజానికెత్తు. గురి జూడు."

ఈశ్వరాచారి విసురుగా ఎత్తి, చెంప ఆనించి గురి చూశాడు. ఉస్తాద్ పక్కనే వంగి, తూటా కూర్చునే చోటు దగ్గర నోరు పెట్టి, అతని కంట్లోకి ఉఫ్‌మని గట్టిగా ఊదాడు.

ఈశ్వరాచారి ఉలిక్కిపడి కళ్లు మూసుకున్నాడు. తుపాకి చేతుల్లోంచి జారబోతే ఉస్తాద్ పట్టుకున్నాడు.

"ఉత్త గాలే గద బేటా. నిప్పు సుత లేదు, ఎదురుంగ చిరుత సుత లేదు. కండ్లెందుకు మూసినవ్?"